‘టాక్సీ డ్రైవర్’ హంతకుడి పక్షాన ఉందా? మా తమ్ముడి గురించి అడుగుతున్నాను

రాత్రిడ్యూటీ అడిగిన ప్రశ్న:

ముందే చెప్తున్నా, ఇందులో కథ మొత్తం బయటపడుతుంది. 1976లో వచ్చిన మార్టిన్ స్కోర్సేసీ సినిమా ‘టాక్సీ డ్రైవర్’ గురించి అడగాలి. చూడనివాళ్ళు చూశాక రండి.

నేను నర్సుని. ఎక్కువగా నైట్ డ్యూటీలే పడతాయి. మా తమ్ముడికి ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. ఇంటర్వ్యూకి వెళ్ళడం, ఫోన్ చేస్తామని వాళ్ళు చెప్పడం, చేయకపోవడం. ఈ మధ్య వెళ్ళడమే మానేశాడు. తెల్లారి నేను ఇంటికొచ్చేసరికి మేలుకునే ఉంటాడు, నన్ను చూశాక అప్పుడు దుప్పటి కప్పుకుంటాడు. స్నేహితులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఎవరిమీదా చెయ్యెత్తే రకం కాదు. అమ్మ మీద మాత్రం కొన్నాళ్ళుగా గొంతు లేస్తోంది.

వాడి ఫోన్‌లో ఆ సినిమా ముక్క ఒకటి ఉంది. ఆ టాక్సీ డ్రైవర్ ట్రావిస్ అద్దం ముందు నిలబడి, ఎదురుగా ఎవరో ఉన్నట్టు మాట్లాడుతూ, జాకెట్ చేతిలోంచి తుపాకీ బయటికి లాగే సీను. స్టేటస్‌గా అదే పెడతాడు, మార్చి మార్చి మళ్ళీ అదే. ఏముందిరా అందులో అని అడిగితే, “అందరూ నటిస్తున్నారు, వాడొక్కడే నిజం మాట్లాడాడక్కా” అన్నాడు.

అందుకని కూర్చుని సినిమా మొత్తం చూశాను. భయపడుతూ మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి నాకే అతని మీద జాలేసింది. ఏం చేయబోతున్నాడో తెలిసి కూడా, అతను ఇష్టపడ్డ బెట్సీ అనే అమ్మాయి ఫోన్‌లో మాట్లాడనప్పుడు పాపం అనిపించింది. చివర ఐరిస్ అనే చిన్నపిల్లతో వ్యభిచారం చేయిస్తున్న ఇంటికి వెళ్ళి ముగ్గుర్ని చంపేస్తాడు. దానికి పేపర్లు మెచ్చుకుంటాయి, ఐరిస్ తండ్రి కృతజ్ఞతలతో ఉత్తరం రాస్తాడు, బెట్సీ వచ్చి టాక్సీ ఎక్కుతుంది. చంపినవాడికి ఇన్ని బహుమానాలా?

ఇంతకీ సినిమా అతన్ని సమర్థిస్తోందా? నాకు జాలి కలగాలనే అలా తీశారా? ఆ వీడియో తీసేయమని తమ్ముడితో పట్టుబట్టాలా, వదిలేయాలా? వార్డులో కూర్చున్నా ఇదే టెన్షన్.


వెనక_బెంచీ:

తీసేయించండి. ఇది ఊరికే సినిమా అని చెప్పేవాళ్ళ మాట వినకండి.

1981 మార్చి 30న వాషింగ్టన్‌లో ఒక హోటల్ బయట అమెరికా ప్రెసిడెంటు రీగన్ మీద కాల్పులు జరిపిన జాన్ హింక్లీ ఈ సినిమాని మళ్ళీ మళ్ళీ చూసినవాడే. ఐరిస్‌గా నటించిన జోడీ ఫాస్టర్ మీద పిచ్చి పెంచుకున్నాడు. ఆమె యేల్ యూనివర్సిటీలో చదువుతుంటే వెంటపడ్డాడు, ఉత్తరాలు రాశాడు, ఫోన్లు చేశాడు. ప్రెసిడెంటుని కాలిస్తే ఆమె తనని గుర్తిస్తుందనుకున్నాడు. రీగన్ బతికాడు. ఆయన ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రేడీకి తలలో గుండు దిగి, మిగతా జీవితం వైకల్యంతో గడిచింది. 2014లో ఆయన పోయినప్పుడు దాన్ని కూడా హత్యగానే తేల్చారు. సినిమా విడుదలైన ముప్పై ఎనిమిదేళ్ళకి ఒక చావు.

అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ సంగతి కూడా చూడండి. 1977లో మారుపేరుతో ‘రేజ్’ అనే నవల వేశాడు. అందులో ఒక స్కూలు కుర్రాడు టీచర్లను చంపి క్లాసుని తుపాకీతో బందీ చేస్తాడు. 1997లో కెంటకీలో ఒక కుర్రాడు తోటి పిల్లల మీద కాల్పులు జరిపితే, వాడి లాకర్‌లో ఆ పుస్తకం దొరికింది. కింగ్ ఇక దాన్ని అచ్చు వేయొద్దని చెప్పేశాడు. ఎవరూ బలవంతం చేయలేదు, కోర్టు చెప్పలేదు. రాసినవాడే తన పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నప్పుడు, మీరు మీ తమ్ముడి ఫోన్‌లోంచి ఒక వీడియో తీసేయించడానికి మొహమాటం దేనికి?


ఎడిటింగ్_టేబుల్:

రాత్రిడ్యూటీ గారూ, నేను ఎడిటర్‌ని. ఈ సినిమాని చూసినన్నిసార్లు ఇంకే సినిమానీ చూడలేదు, ఎక్కువగా సౌండ్ తీసేసి. మీ ప్రశ్నకి సమాధానం షాట్లలోనే ఉంది కాబట్టి అక్కడినుంచే చెప్తాను.

మీ తమ్ముడి దగ్గరున్న ముక్క ఎక్కడ ఆగుతుందో చూడండి. సాధారణంగా తుపాకీ బయటికి రాగానే ఆగుతుంది. సినిమాలో ఆగదు. వెంటనే ట్రావిస్ గొంతు వెనకనుంచి లోకానికి ఒక ప్రకటన చదవడం మొదలుపెడుతుంది. వాక్యం మధ్యలో తడబడి ఆగుతుంది. మళ్ళీ మొదటినుంచి అందుకుంటుంది. అతను కెమెరా వైపు తిరిగే షాట్ కూడా గొంతుతోపాటు మళ్ళీ మొదలవుతుంది. ఎడిటింగ్‌లో అలాంటి తడబాటు కనిపిస్తే మొదట చేసే పని కత్తిరించి పారేయడం. వీళ్ళు ఉంచారు, పైగా ఎత్తి చూపించారు. తన గురించి తానే రాసుకున్న హీరో డైలాగుని అతను సరిగ్గా అప్పజెప్పలేకపోతున్నాడని మనకి తెలియాలని. మీ తమ్ముడు ‘నిజం మాట్లాడాడు’ అంటున్నాడే, ఆ నిజానికి రిహార్సల్ జరుగుతోంది అక్కడ.

ఆ వెంటనే వచ్చేది కిరాణా కొట్టు సీను. దొంగతనానికి వచ్చిన ఒక నల్లజాతి కుర్రాడిని ట్రావిస్ కాల్చేస్తాడు. ట్రావిస్ తుపాకీకి పర్మిట్ లేదు. నువ్వు వెళ్ళిపో, నేను చూసుకుంటానని కొట్టువాడు పంపించేస్తాడు. తర్వాత ఆ కొట్టువాడు కింద పడివున్న శరీరాన్ని ఇనుప కడ్డీతో కొడుతూనే ఉంటాడు. అద్దం ముందు రిహార్సల్ చేసింది మొదటిసారి దేనికి పనికొచ్చిందో అదీ. ఫోన్లలో తిరిగే ముక్కలో ఇది ఉండదు.

ఇప్పుడు మీ జాలి సంగతి. బెట్సీకి ఫోన్ చేసే షాట్ మళ్ళీ చూడండి. గోడకున్న ఫోన్ దగ్గర ట్రావిస్ నిలబడి బతిమాలుతుంటాడు. కెమెరా నెమ్మదిగా ట్రాలీ మీద కుడివైపుకి జరిగి, అతన్ని ఫ్రేములోంచి వదిలేసి, ఖాళీ వరండా దగ్గర ఆగిపోతుంది. గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. ఆ అవమానాన్ని కళ్ళారా చూడలేక కెమెరాయే తల తిప్పుకున్నట్టు ఉంటుంది. మీకు పాపం అనిపించిందంటే షాట్ తన పని చేసింది. కానీ అంతకుముందు ఏం జరిగిందో మర్చిపోకండి. మొదటిసారి సినిమాకి తీసుకెళ్తూ ఆ అమ్మాయిని బూతు సినిమాకి తీసుకెళ్ళాడు. ఆమె లేచి వెళ్ళిపోవడంలో ఏ తప్పూ లేదు. అతను ఒంటరివాడన్నదీ నిజమే, ఆమెకి అతనితో మాట్లాడాల్సిన బాకీ లేదన్నదీ నిజమే. ఒకదాన్ని చూపించడానికి రెండోదాన్ని దాచలేదు ఈ సినిమా. జాలిపడండి, అందులో తప్పు లేదు.

నా దృష్టిలో సినిమా మొత్తం ఒక్క సంఘటన మీద ఆధారపడి ఉంది, అభిమానులు ఎప్పుడూ దాటేసేది కూడా దాన్నే. ట్రావిస్ ఆ రోజు బయల్దేరింది ఐరిస్‌ని కాపాడటానికి కాదు. ప్రెసిడెంటు పదవికి పోటీ చేస్తున్న సెనేటర్ పాలంటైన్‌ని సభలో చంపడానికి. తల రెండుపక్కలా గొరిగించుకుని గుంపులోకి వెళ్తాడు. జాకెట్‌లోకి చెయ్యి పోతుండగా సెక్యూరిటీవాళ్ళు చూస్తారు, పారిపోతాడు. చంపాలన్న కసి అలాగే ఉంది, దానికి మనిషి కావాలి. అదే రాత్రి ఐరిస్ ఉండే ఇంటికి వెళ్తాడు. చెయ్యి కాస్త ముందు పడివుంటే మర్నాటి పేపర్లలో అతను హంతకుడు. పడలేదు కాబట్టి హీరో. మనిషి అతనే, తుపాకులూ అవే. మీరు బహుమానాలన్నారే, వాటిని ఇచ్చింది ఆ పేపర్లు. గోడకి అంటించిన ఆ కటింగుల మీదుగా కెమెరా జరుగుతున్నప్పుడు, ఈ పేపర్లకి పాలంటైన్ సంగతి తెలియదని మనకి తెలుసు. వాళ్ళకి తెలియనిది మన చేతిలో పెట్టి కూర్చోబెట్టాడు స్కోర్సేసీ.

ఇక సినిమా తప్పనిపించే చోట్లు కూడా చెప్పాలి. హోటల్ గదిలో తుపాకులు అమ్మే సీనులో కెమెరా పెద్ద రివాల్వర్ గొట్టం పొడుగునా నిమురుతున్నట్టు జరుగుతుంది. ఆ కాసేపూ కెమెరాకి కూడా ఆ తుపాకీ మీద మోజు పుట్టింది. బెర్నార్డ్ హెర్మన్ సంగీతం ఇంకోటి. రికార్డింగ్ ముగించిన కొన్ని గంటలకే, 1975 డిసెంబర్ 24న ఆయన పోయాడు. ఆ శాక్సఫోన్ ఎంత అందంగా ఉంటుందంటే, నిద్రపట్టక రాత్రంతా తిరిగే మనిషి బతుకు కోరుకోదగ్గదిలా అనిపిస్తుంది. ఇరవై రెండేళ్ళ కుర్రాడిని పట్టేది రక్తం కంటే ఇదే ఎక్కువ. తన ఒంటరితనానికి ఇంత మంచి రీరికార్డింగ్ దొరకడం. కిరాణా కొట్టులో చచ్చిపోయిన కుర్రాడికి అదేమీ దొరకలేదు. వాడి పేరేమిటో, ఇంట్లో ఎవరున్నారో సినిమా మళ్ళీ ఎత్తదు. నాకు ఈ సినిమా మీదున్న పెద్ద ఫిర్యాదు అది.

చివరి కాల్పులకి సెన్సార్ దగ్గర ఇబ్బంది వచ్చింది. ఎక్స్ (పెద్దలకి మాత్రమే) సర్టిఫికెట్ తప్పించుకోవడానికి ఆ సీను మొత్తంలో రంగులు తగ్గించారు, ఎరుపు మాడి గోధుమరంగులోకి తిరిగింది. నా మటుకు అది మేలే చేసింది. చంపడంలో ఎక్కడా మెరుపు లేదు. తర్వాత పైకప్పు కోసి అక్కడినుంచి కిందికి చూస్తూ తీసిన షాట్ వస్తుంది. గది, మెట్లు, పడివున్న మనుషులు, తలుపు దగ్గర బిగుసుకుపోయిన పోలీసులు. కెమెరా ఎవరి పక్షానా లేకుండా పైనుంచి వెళ్ళిపోతుంది.

వెనక_బెంచీ గారూ, హింక్లీ గురించి మీరు చెప్పింది నిజమే. కోర్టులో జ్యూరీకి ఈ సినిమా వేసి చూపించారు కూడా. అయితే కథ అక్కడ మొదలవలేదు. 1972లో ఆర్థర్ బ్రెమర్ అనే కుర్రాడు మేరీలాండ్‌లో, ప్రెసిడెంటు పదవికి పోటీపడుతున్న గవర్నర్ జార్జ్ వాలెస్‌ని కాల్చాడు, అప్పటికి ఏ టాక్సీ డ్రైవరూ లేడు. ఆ సంఘటన పాల్ శ్రేడర్ రాసిన స్క్రిప్టులోకి వచ్చింది. శ్రేడర్‌కి అప్పుడు పెళ్ళి పోయింది, ఉండటానికి చోటు లేదు, కార్లో తిరుగుతూ కడుపులో పుండుతో ఆస్పత్రిలో పడ్డాడు. అక్కడ నర్సుతో మాట్లాడుతుండగా, కొన్ని వారాలుగా తాను ఎవరితోనూ మాట్లాడలేదని తట్టిందట. ట్రావిస్‌ని రాసింది తాను ట్రావిస్ అయిపోకుండా ఉండటానికేనని ఆయన చాలాసార్లు చెప్పాడు. రాత్రిడ్యూటీ గారూ, మీరు నర్సు కాబట్టి ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది.

వీడియో లాక్కోకండి. సినిమా మొత్తం వాడి పక్కన కూర్చుని చూడండి.


వినే_పని:

సినిమా సంగతి పైవారు బాగా చెప్పారు. నేను యువకులకి కౌన్సెలింగ్ చేస్తాను, తమ్ముడి గురించి రాస్తాను.

స్కూళ్ళలో జరిగిన దాడుల మీద అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 2002లో ఒక రిపోర్టు ఇచ్చాయి. 1974 నుంచి 2000 దాకా జరిగిన 37 సంఘటనలు, వాటిలో పాల్గొన్న 41 మంది. హింసాత్మక సినిమాల మీద ఆసక్తి చూపినవాళ్ళు 27 శాతం. తమ సొంత రాతల్లో, అంటే డైరీలు, కవితలు, క్లాసు వ్యాసాల్లో హింసని చూపినవాళ్ళు 37 శాతం. అంతకుముందు ఆత్మహత్య ఆలోచన గానీ ప్రయత్నం గానీ చేసినవాళ్ళు 78 శాతం. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే మీరు దేనికోసం చూడాలో తెలుస్తుంది. ఇలాంటివాడు ఇలా ఉంటాడు అని చెప్పగల నమూనా ఏదీ లేదని కూడా ఆ రిపోర్టే చెప్పింది. ఇల్లు కదలని, నిద్రపట్టని, కోపంగా ఉన్న కుర్రాళ్ళు లెక్కలేనంతమంది ఉంటారు. వాళ్ళలో దాదాపు అందరూ ఎవరికీ హాని చేయరు, చేసుకుంటే తమకే చేసుకుంటారు.

కాబట్టి హంతకుడవుతాడేమో అన్న భయాన్ని కాసేపు పక్కనపెట్టి, మీరు రాసినవే మళ్ళీ చదవండి. పగలు నిద్ర, స్నేహితులు దూరమవడం, ప్రయత్నం మానేయడం, ఇంట్లో చిరాకు. మీ వార్డులో ఇంకెవరి తమ్ముడి గురించో ఇవి విన్నారనుకోండి, డిప్రెషన్ ఏమోనని మీకే మొదట అనుమానం వస్తుంది. డాక్టర్‌కి చూపించాల్సిన లక్షణాలు ఇవి.

అడగాల్సిన ప్రశ్న సూటిగా అడగండి. “చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?” అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టించినట్టవుతుందని చాలామంది వెనకాడతారు. అలా జరగదు. ఎవరో ఒకరు అడిగినందుకు ఊపిరి పీల్చుకునేవాళ్ళే ఎక్కువ.

ఇంకో అంకె కూడా చెప్పాలి. ఆ 37లో 81 శాతం సంఘటనల్లో, ఏదో జరగబోతోందని ముందే కనీసం ఒక్కరికి తెలుసు. ఎక్కువగా ఈడువాళ్ళకి, క్లాసువాళ్ళకి. ఫలానావాళ్ళని ఏదో చేస్తానని మీ తమ్ముడు పేరు పెట్టి చెప్పినా, ఆయుధం సంపాదించే ప్రయత్నం చేసినా, చనిపోవడానికి ఏర్పాట్లు చేసుకుంటున్నట్టు కనిపించినా, ఆ రోజే నలుగురికీ చెప్పి సాయం తెచ్చుకోండి. వాడు నన్ను నమ్మి చెప్పాడు కదా అని గుండెల్లో దాచుకోవద్దు. స్టేటస్‌లో సినిమా ముక్క మాత్రం ఈ లెక్కలోకి రాదు.


వెనక_బెంచీ:

ఎడిటర్ గారూ, మీరు వర్ణించినవన్నీ మీలాంటివాళ్ళు చూస్తారు. తడబడిన గొంతుని ఎంతమంది గమనిస్తారు? జనం చేతికి చివరికి చేరింది అద్దం సీనే. నలభై తొమ్మిది మంచి షాట్లు తీసి యాభయ్యోది పోస్టరుగా మారితే, ఆ యాభయ్యోదానికి దర్శకుడు జవాబు చెప్పక్కర్లేదా?

చూపించకుండా కూడా చెప్పొచ్చు. ‘నిట్రమ్’ అని 2021లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా చూడండి. 1996 ఏప్రిల్‌లో టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒక కుర్రాడు 35 మందిని చంపిన దాని మీద తీశారు. ఆ గాయం ఇంకా మానలేదు, ఈ సినిమా అసలెందుకని అక్కడ చాలామంది మండిపడ్డారు. అయినా దర్శకుడు జస్టిన్ కర్జెల్ ఒక్క హత్య కూడా చూపించలేదు. హంతకుడి అసలు పేరు సినిమాలో ఎవరూ పలకరు. కెఫేలో బల్ల దగ్గర కూర్చుని సంచీ తెరిచేదాకానే చూస్తాం. నా ఒళ్ళు జలదరించింది ఎక్కడో తెలుసా? తుపాకుల షాపులో. లైసెన్సు లేదంటాడు, షాపువాడు చిరునవ్వుతో ఒక్కొక్కటే తీసి చూపిస్తాడు, డబ్బు కట్టి తీసుకెళ్తాడు. నిజజీవితంలో ఆ దాడి జరిగిన పన్నెండు రోజులకి ఆస్ట్రేలియా ప్రభుత్వాలన్నీ కలిసి కొత్త చట్టాలకి ఒప్పుకున్నాయి. జనం దగ్గరనుంచి సుమారు ఆరున్నర లక్షల తుపాకులు కొని ధ్వంసం చేశారు. ఆ సినిమాలోంచి ఎవరూ స్టేటస్ పెట్టుకోలేరు, పెట్టుకోవడానికి అందులో ఏమీ లేదు. నేను అడుగుతున్నది అదే, అలా తీయండి అని.


ఎడిటింగ్_టేబుల్:

ఈ మాట ఒప్పుకుంటాను. నిట్రమ్ షాపు సీనునీ, నేను పైన తిట్టిన హోటల్ గది సీనునీ వెంటవెంటనే చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ కెమెరా తుపాకీని చూడదు, అమ్ముతున్న మనిషి ముఖాన్ని చూస్తుంది.

ఒక్కటి మాత్రం జోడిస్తాను. 2019లో, ఒక ఒంటరివాడు హంతకుడయ్యే కథతో ‘జోకర్’ సినిమా వచ్చినప్పుడు, 2012 జూలైలో అమెరికాలోని అరోరా థియేటర్ కాల్పుల్లో తమవాళ్ళని పోగొట్టుకున్న కొందరు ఆ సినిమా సంస్థ వార్నర్ బ్రదర్స్‌కి ఉత్తరం రాశారు. ఆ దాడిలో 12 మంది పోయారు. సినిమా ఆపమని అడిగే హక్కు ఎవరికైనా ఉందంటే వాళ్ళకే ఉంది. వాళ్ళు అది అడగలేదు. తుపాకీ చట్టాలని అడ్డుకునే నాయకులకి విరాళాలివ్వడం మానేయండి, బాధితుల నిధులకి ఇవ్వండి అని అడిగారు. మీరు చెప్పిన కింగ్ కూడా ‘రేజ్’ గురించి 2013లో రాసిన వ్యాసంలో ఎక్కువ భాగం తుపాకుల మీదే ఖర్చుపెట్టాడు.


రాత్రిడ్యూటీ:

అందరికీ థాంక్స్. మీరు చెప్పినట్టే సెలవు రోజున తమ్ముడి పక్కన కూర్చుని చూశాను.

వాడు సినిమా పూర్తిగా ఎప్పుడూ చూడలేదట! ముక్కలు ముక్కలుగా ఫోన్‌లో చూసిందే. పాలంటైన్ సభ వచ్చినప్పుడు “ఇదెక్కడిది?” అన్నాడు. కొట్టు సీనులో “చచ్చిపోయాడుగా, ఇంకా ఎందుకు కొడుతున్నాడు?” అని లేచి నిలబడ్డాడు. ఫోన్ షాట్ దగ్గర ఏమీ అనలేదు. అది దాటిపోయాక చాలాసేపటికి, తెర వైపే చూస్తూ, తనూ ఒక కంపెనీకి ఫోన్ చేస్తూ వచ్చానని, రిసెప్షన్‌లో అమ్మాయి గొంతు గుర్తుపట్టి పెట్టేయడం మొదలుపెట్టిందని చెప్పాడు. ఇంట్లో ఎవరికీ తెలియదు ఈ సంగతి. అమ్మ మీద అరిచింది ఆ రోజుల్లోనే.

వినే_పని గారూ, ఆ ప్రశ్న అడిగాను. నా ఉద్యోగంలో ఎంతమందినో అడిగిన ప్రశ్నే, తమ్ముణ్ణి అడగాలంటే నోరు పెగల్లేదు. “చావాలని కాదక్కా, పొద్దున్న లేవాలని లేదు” అన్నాడు. నేను తోడుంటే డాక్టర్ దగ్గరకి వస్తానన్నాడు. వచ్చే వారానికి తీసుకున్నాను.

స్టేటస్ అలాగే ఉంది, నేనేమీ అనలేదు. ఎడిటర్ గారిని ఒకటి అడగమన్నాడు. చివర్లో బెట్సీని దింపేశాక ట్రావిస్ ఉలిక్కిపడి టాక్సీ అద్దంలో చూస్తాడు, ఏదో వింత చప్పుడు వస్తుంది. అదేంటి? ఇదంతా అతను చచ్చిపోతూ కన్న కల అని వాడెక్కడో చదివాడట, నిజమేనా?


వినే_పని:

“లేవాలని లేదు” అన్న మాటని డాక్టర్‌కి వాడి మాటల్లోనే చెప్పండి, మీరు మెత్తబరచకండి. నిద్ర వేళలు కూడా కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. మొదటి డాక్టర్ కుదరకపోతే ఇంకొకరిని చూడండి, అది మామూలే. ఈలోగా మాట ఇంకాస్త ముదిరినట్టు అనిపిస్తే వచ్చే వారం దాకా ఆగొద్దు. మీరు డ్యూటీలో ఉండే రాత్రులు అమ్మ వాడిని ఒక్కసారి పలకరిస్తే చాలు, సలహాలేమీ అక్కర్లేదు.


ఎడిటింగ్_టేబుల్:

కల అని చాలామంది అంటారు. స్క్రిప్టు రాసిన శ్రేడర్ మాత్రం ఒప్పుకోలేదు. నాకూ అలా అనిపించదు. మెడమీద మచ్చ ఉంది, గొరిగించుకున్న జుట్టు మళ్ళీ పెరిగింది, తోటి డ్రైవర్లతో నిలబడి కబుర్లు చెప్తున్నాడు. కొన్నాళ్ళు గడిచాయని చెప్పడానికి పెట్టిన వివరాలు ఇవన్నీ.

ఆ చూపు కత్తిరింపు ఎలా ఉందో వాడికి చూపించండి. బెట్సీ దగ్గర డబ్బు తీసుకోకుండా మర్యాదగా వెళ్ళిపోతాడు. సంగీతం హాయిగా ఉంది, కథ ముగిసిందనుకుంటాం. అంతలో అద్దంలో ఏదో కనిపించినట్టు కళ్ళు చటుక్కున కదులుతాయి, చప్పుడు వస్తుంది, అద్దాన్ని సర్దుతాడు. మళ్ళీ చూస్తే అద్దంలో అతను లేడు, వీధి లైట్లు మాత్రమే ఉన్నాయి. ఏం చూశాడో మనకి చూపించరు. అతనిలో అది మళ్ళీ మొదలవుతోందని స్కోర్సేసీ చెప్పాడు. శ్రేడర్ అయితే సినిమా చివరి ఫ్రేముని మొదటి ఫ్రేముకి అతికించి మళ్ళీ మొదటినుంచి నడిపించవచ్చన్నాడు. పేపర్లు హీరో అన్నాయి, ఐరిస్ ఇల్లు చేరింది, అతని లోపల మాత్రం ఏదీ నయం కాలేదు.

మీ తమ్ముడు గమనించేవాడండీ. ఆ చప్పుడు చాలామందికి వినిపించదు. ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కొట్టు సీను ముందున్న తడబాటు దగ్గరనుంచి సౌండ్ మీదే దృష్టిపెట్టి చూడమనండి. ఏమేం విన్నాడో వాడినే ఇక్కడ రాయమనండి, నేను జవాబిస్తాను.